మా పెద్దమ్మ ముక్కు

మొన్న ఒక ఆదివారం, పట్టపగలు, నార్కట్‌పల్లి చౌరస్తా కాడ పోలీసులు నా బండి ఆపిన్రు. తాగి నడుపుతున్నరా అని చూసుడట. ఒక కానిస్టేబుల్ పిలగాడు, మీసం ఇంక ట్రైనింగులనే ఉన్నది, నా నోటి కాడ మిషిన్ పట్టి "ఊదుండ్రి సార్" అన్నడు.

నేను ఊదలే. ఎవరో మెడ పట్టి వంచినట్టు ఒక్క అడుగు ముంగటికేసి, తలకాయ వంచి, నోరు బావిలెక్క తెరిచి, ఆ పిలగాని మొఖం మీద "హా" అన్న.

అంతకు జరసేపటి ముందే కట్టంగూర్ కాడ మిరపకాయ బజ్జీలు తిన్న, పచ్చి ఉల్లిగడ్డ నంజుకొని. ఆ గాలికి పిలగాని టోపీ లేచి హైవే అవతల పడ్డది. ఎదురుంగ వచ్చే లారీ డ్రైవరు తుఫాను అనుకొని అద్దాలు ఎక్కించుకున్నడు.

"ఏంది సార్ గిది? ఊదుమంటే మీద పడ్తరేంది?"

"ఏమనుకోకు బిడ్డా, అలవాటు."

"గిసొంటి అలవాటు కూడ ఉంటదా సార్?"

"మా పెద్దమ్మ చేసింది."

"మీ పెద్దమ్మ తాగుతుండెనా?"

"తాగలే. తాగనిచ్చేది కాదు."

పిలగానికి ఏమర్థమైందో ఏమో, మల్ల మిషిన్ పట్టిండు. ఊదిన. పచ్చ లైటు వెలిగింది. "పోండ్రి సార్" అని ముక్కు మూసుకొని సలాం కొట్టిండు. నేను బండి చాలు చేసిన గానీ, చిట్యాల దాటేదాక నా కండ్ల ముంగట రోడ్డు లేదు, మా పెద్దమ్మ ముక్కే ఉన్నది. ఆ ముక్కు కనవడ్తే రోడ్డు కనవడదు, అంత పెద్దది.

ఆమె మా అమ్మకు అక్క. మనిషి ఏమంత లేదు. సన్నటి నూలు కండెకు చీర చుట్టి నిలవెట్టినట్టు ఉండేది. దేవుడు ఆమెను చేసేటప్పుడు తెచ్చిన మట్టంత ముక్కుకే పెట్టేసి, గోళంల మిగిలిన దాంతోని మిగతా మనిషిని సర్దిండు. పొద్దున గల్లీ మలుపు కాడ ముందుగాల ముక్కు తిరిగేది, మేము లేచి నిలవడి చాయ్ గిలాస పక్కకు పెట్టేవరకు మనిషి వచ్చేది. ఎండకాలం ఆమె అరుగు మీద కూసుంటే ఆ ముక్కు నీడకు కోడిపిల్లలు పండుకునేయి. నేను జర ఎక్కువ చెప్తున్న అనుకుంటే మా గల్లీకి వచ్చి అడుగుండ్రి, వాళ్ళు ఇంక ఎక్కువ చెప్తరు.

ఆ ముక్కుకు చదువు మగ్గం కాడ అబ్బింది. పుట్టినిల్లు మగ్గమే, అత్తగారిల్లు మగ్గమే. నూలుకు పెట్టే గంజి గోళం మూత తియ్యకముందే "ఇయ్యాల పనికొస్తది, రేపటికి పులుస్తది" అని చెప్పేది. అద్దకం రంగు వాసన చూసి "ఈ ఎరుపు నిలువది, మొదటి ఉతుకుకే అత్తగారింటి నుంచి పారిపోయి వస్తది" అనేది. ముసలితనంల నేతకు కూసునుడు చాతగాక, అరుగు మీద రాట్నం పెట్టుకొని కండెలు చుట్టేది. ఒక చేతిల రాట్నం, ఇంకో చేతిల నూలు, ముక్కుల గల్లీ మొత్తం.

ఆమె ఇంట్లకు పోవాల్నంటే ఒకటే పద్ధతి. గడప ముంగట అడ్డంగ కాళ్ళు చాపుకొని కూసునేది. వచ్చినోడు కాళ్ళు మొక్కనీకె వంగుతడు గదా, వంగినోని గదువ పట్టుకొని అనేది, "హా అను బిడ్డా."

అంతే. పిల్లలు, పెద్దలు, అల్లుండ్లు, పాలోడు, కరెంటు బిల్లు కొట్టేటోడు, ఎవలైనా సరే. నాకు నెత్తి నెరిసింది, కండ్లద్దాలు వచ్చినయ్, నల్లగొండల నౌకరీ, ఆఫీసుల నన్ను చూస్తే లేచి నిలవడే మనుషులు కూడ ఒకరిద్దరున్నరు. అయినా పండుగకు ఊరికి పోతే ఆ గడప కాడ పసిపిలగాని లెక్క వంగి "హా" అనాల్సిందే.

"పొద్దున బస్టాండుల ఇడ్లీ తిన్నవ్" అనేది.

"అవును పెద్దమ్మా."

"సాంబారు నిన్నటిది. పో, లోపలికి పో. కాళ్ళు కడుక్కో."

నా బిడ్డకు సంబంధం మాట్లాడనీకె వచ్చిన వియ్యంకున్ని కూడ ఇడవలే. ఆయన పెద్ద మోతుబరి, ఆత్మకూర్ దిక్కు తోటలున్నయ్, తెల్ల ఖద్దరు అంగీ మీద మడత చూసి గీత గీసుకోవచ్చు. ఆయన దండం పెడ్తందుకు వంగిండు, మా పెద్దమ్మ గదువ అందుకున్నది. ఆయన అటు చూసి ఇటు చూసి, ఏదో మా తాన పద్ధతి కావచ్చనుకొని మర్యాదగ "హా" అన్నడు. పెద్దమ్మ నా దిక్కు తిరిగి, వాడంత ఇనవడేటట్టు "ఖాయం చేసుకో బిడ్డా, కడుపుల గ్యాసు తప్ప ఏం లేదు" అన్నది. ఇప్పటికి ఆ వియ్యంకుడు మా ఇంటికి వస్తే ముందుగాల హా అని, ఎనుక చెప్పులిడుస్తడు.

ఇదంత ఎందుకు పెద్దమ్మా అని ఒక్కసారే అడిగిన. రాట్నం ఆపకుంటనే చెప్పింది.

"మీ పెద్దనాయినకు మొదటి చుక్క పోసింది దోస్తులు గాదు. మా అత్త. పిలగానికి పన్ను నొస్తుందని దూదిల ముంచి పెట్టింది. పన్ను ఊడింది. చుక్క ఊడలే."

పెద్దనాయినను నేను చిన్నప్పుడు చూసిన. మంచి నేతగాడు. మగ్గం మీద సగం చీర ఉండంగనే పోయిండు. ఆ సగం చీరను పెద్దమ్మనే కూసొని అఖరు చేసిందట. అంతకుమించి ఆ ముచ్చట ఆమె ఎన్నడు చెప్పలే, మేము అడగలే.

ఆమెకు ఒక్కడే కొడుకు, నాకు తమ్ముడి వరస. వానికి ఒక్కడే కొడుకు, చింటు, వాని ఎనుక ఒక బిడ్డ. మా పెద్దమ్మ భయమంత ఆ చింటుగాని మీదనే. తాత పోలిక, తాత నడక, తాత లెక్కనే ఎవడన్న ఒక మాటంటే తట్టుకోడు, ఎవడన్న భుజం మీద చెయ్యేస్తే యాడికంటే ఆడికి పోతడు. "గీ పిలగాడు తాత తొవ్వల పోకుంట చూసి నేను పోవాలె" అని దేవుని పటం ముంగట రోజు చెప్పేది. దేవుడు ఇన్నడో లేదో, ఆ పటం వాసన కూడ చూసేది, అగరుబత్తి నకిలీదని పండ్లు కొరికేది.

చింటుగాడు ఇంటర్ల చేరిండు. రోజు బస్సుల నల్లగొండ పోవుడు, వచ్చుడు. కాలేజీల ముగ్గురు దోస్తులు దొరికిన్రు. ఇంగ చూడుండ్రి, పుట్టినరోజులు మొదలైనయ్. ఉన్నది నలుగురు, గానీ వారానికో బర్త్‌డే. ఇట్ల పుట్టుకుంట పోతే జిల్లాల జాగా సరిపోదు. చెరువు కట్ట మీద బండి సీటు పైన కేకు పెట్టుడు, మొఖానికి పూసుడు, ఎనుక నుంచి ఒక సీసా దిగుడు. తాగనోన్ని "ఇంక పాలపీక కావాల్నా తమ్మీ" అనుడు. ఆ మాటకు భయపడి పిలగాండ్లు తాగినంత, దాహమై కూడ తాగరు.

ఇంట్ల సంగతి ఇంక సక్కదనం. మా తమ్మునికి పొద్దుగూకితే రెండు పెగ్గులు పడాలె. మా ఊర్ల కిరాణా దుకాణంల సబ్బుల ఎనుక మందు అమ్ముతరు, దాన్ని బెల్టుషాపు అంటరు. ఆడికి ఎవలు పోవాలె? చింటుగాడే. సోడా ఎవలు తేవాలె? చింటుగాడే. పల్లీలు, ఉల్లిగడ్డ ముక్కలు ఎవలు పెట్టాలె? చింటుగాడే. పదో తరగతిల ఉన్నప్పుడే ఆ పిలగాడు సోడా ఎంత, నీళ్ళెంత అని కొలత తప్పకుంట కలిపి ఇస్తుంటే మా తమ్ముడు "మా వానికి లెక్కలు మంచిగొస్తయ్" అని మురిసేటోడు.

ఇదంత ఇంటెనుక వాకిట్ల, పెద్దమ్మ ముక్కుకు గాలి తగలని జాగా చూసి నడిచేది. అట్లని ఆమెకు తెల్వదా? తెలుసు. కొడుకుతోని గలాట పెట్టుకొని పెట్టుకొని యాష్టకొచ్చి, వాడు పెండ్లైనోడు, వాని నోరు వానిది అని ఇడిసింది. మనవని నోరు మాత్రం రోజు చూసేది.

ఇంగ చింటుగాని మేనమామ. ఆయన ఎప్పుడొచ్చినా రెండు సంచులు తెచ్చేటోడు, ఒక దాంట్ల కోడి, ఒక దాంట్ల మందు. ఆయన లేకుంటే మా సుట్టాలల్ల ఏ దావత్ కాదు, ఆయనుంటే ఏ దావత్ సక్కగ అఖరు కాదు.

దసరా వచ్చింది. మా దిక్కు దసరా నాడు పొద్దుమీకె జమ్మిచెట్టు కాడికి పోయి ఆకు తెంపుకొని వస్తరు. ఆ ఆకును బంగారం అంటం. చిన్నోళ్ళు పెద్దోళ్ళ చేతిల బంగారం పెట్టి కాళ్ళు మొక్కాలె, పెద్దోళ్ళు తీసుకొని దీవించాలె. పెద్దోళ్ళు తీసుకోకపోవుడు అనేదే ఉండదు. అంత పగ ఉన్నోళ్ళు కూడ ఆ ఒక్క నాడు తీసుకుంటరు.

పెద్దమ్మ కొత్త చీర కట్టుకొని అరుగు మీద కూసున్నది. నేను నా బంగారం ఇచ్చి, హా అని, పరీక్ష పాసై పక్కన కూసున్న. చింటుగాడు ముగ్గురు దోస్తులతోని వచ్చిండు. నలుగురు నోర్లు గట్టిగ మూసుకొని, దవడలు ఆడించుకుంట, ఎడ్లు నెమరేసినట్టు వస్తున్నరు. ఊర్ల ఉన్న జామచెట్ల ఆకంత వాళ్ళ నోట్లనే ఉన్నది.

"అవ్వా, బంగారం తీస్కో" అని చింటుగాడు దూరం నుంచే చెయ్యి చాపిండు.

"బంగారం యాడికి పోదు. హా అను."

"హ్."

"గది హా గాదు. గది తలుపు సందుల నుంచి తొంగి చూసుడు. మొత్తం తెరువు."

తెరిచిండు. పెద్దమ్మ కండ్లు మూసుకున్నది. ముక్కుపుల్ల ఒక్కసారి మెరిసింది. గల్లీల కుక్క కూడ మొరుగుడు ఆపి కూసున్నది.

"మాంసం" అన్నది. "దాని మీద బీరు. దాని మీద జామాకు. దాని మీద సోంపు. అన్నిటి మీద అబద్ధం. అది ఇంక నోట్ల నుంచి బయటికి రాలే, తయారై ఉన్నది."

దోస్తులు మెల్లగ ఎనుకకు జరిగిన్రు.

"ఆగుండ్రి. మీరు కూడ నా మనవండ్లే. వరుసగ రాండ్రి."

వచ్చిన్రు. ఒకని నోట్ల బీరు, ఇంకోని నోట్ల బీరు, దాని మీద బాత్రూముల పేస్టు. మూడోని దగ్గర పెద్దమ్మ ఆగింది.

"నువ్వు తాగలే గదరా?"

"లేదవ్వా. నాకు వాంతికొస్తది."

"మరి వీళ్ళెంబడి ఎందుకు తిరుగుతున్నవ్?"

"బండి నాది అవ్వా."

లోపల నుంచి మా తమ్ముడు వచ్చిండు. మాటలు ఇన్నడు. ఒక చేతిల జమ్మాకు, ఇంకో చెయ్యి కొట్టనీకె లేచింది. "మీ వల్లనే రా నా కొడుకు ఖరాబైండు. మీ దోస్తానాలు మన్నువడ. ఎవడ్రా వీనికి నేర్పింది?"

వాంతికొచ్చే పిలగాడు, తాగనోనికి ధైర్యం ఎక్కువ గదా, వాడే చెప్పిండు. "మేం గాదు కాకా. కాలేజీల చేరినప్పుడు మేమే అడిగినం, ఎప్పుడన్న తాగినవా అని. వాని చెల్లె ఓణీల ఫంక్షన్ల వాని మామ పోసిండట, వాని బాపు చూసి నవ్విండట, చింటునే చెప్పిండు. వీడు గొప్పలు చెప్పిండని వీళ్ళిద్దరు తాగిన్రు. వీళ్ళిద్దరు తాగిన్రని మల్ల వీడు తాగిండు. మాకంటే వీడే సీనియర్ కాకా."

మా తమ్ముని చెయ్యి లేచిన కాడనే ఆగింది. దింపుదామంటే ఎట్ల దింపాల్నో తెల్వలే. మేనమామ అప్పటిదాక తలుపు కాడ నిలవడి ఉండె. గిలాస ఎనుక దాచుకొని, గోడకు ఆనుకొని, తన్ను తాను క్యాలెండర్ అనుకొమ్మన్నట్టు కదలకుంట నిలవడ్డడు.

పెద్దమ్మ ఎవల్ని తిట్టలే. నాకు అదే భయమైంది. చింటుగాని చేతిల బంగారం తీసుకున్నది, వాని దోస్తుల బంగారం తీసుకున్నది, అందరి నెత్తి మీద చెయ్యి పెట్టింది. "తాగితే తాగినం అని చెప్పుండ్రి. దాచవడ్తే ఆకులు నములుకుంట మేకలైతరు" అన్నది. అప్పుడు కొడుకు దిక్కు చూసింది.

మా తమ్ముడు ముంగటికి వచ్చి, వంగి, జమ్మాకు చాపిండు. పెద్దమ్మ రెండు చేతులు కొంగుల పెట్టుకున్నది.

"నువ్వు హా అను."

"అమ్మా, పిల్లల ముంగట ఏంది? నేను పెద్దోన్ని."

"పెద్దోనివైతే పెద్దగ తెరువు."

తెరవలే. కొడుకు ముంగట, కొడుకు దోస్తుల ముంగట, బామ్మర్ది ముంగట వాడు నోరు తెరవలే. ఆమె కొంగుల నుంచి చెయ్యి తియ్యలే. "నీ కొడుకు నోరు నేను చూడాల్నంటే ముందుగాల నీ నోరు చూడాలె. ఇన్నొద్దులు ఒక నోట్ల ఎతకాల్సింది ఇంకో నోట్ల ఎతికిన" అన్నది. మా తమ్ముడు ఆ ఆకును అంగీ జేబుల పెట్టుకొని, ఎవల మొఖం చూడకుంట లోపలికి పోయిండు. తల్లి బంగారం తీసుకోని దసరా మా గల్లీల అదే మొదలు. ఆ రాత్రి వాడంత మాంసం సల్లారిపోయింది.

తెల్లారి నుంచి గడప కాడ కొత్త చట్టం. చింటు బెల్టుషాపుకు పోడు. సోడా తేడు, పల్లీలు పెట్టడు. ఎవలికి కావాల్నో వాళ్ళే పోవాలె, వచ్చేటప్పుడు గడప కాడ నోరు తెరువాలె. చింటు తెరిచేటోడు. రోజు తెరిచేటోడు. తండ్రి తెరవడు. తెరవకుంట ఇంట్లకు ఎట్ల పోవాలె? ఇంటెనుక గోడ దునుకుడు మొదలు పెట్టిండు. భారీ మనిషి, పొట్ట వాని కంటే జర ముందుంటది. వాడు గోడ ఎక్కుతుంటే గోడే వాని మీద ఎక్కినట్టు ఉండేది. పక్కింటోళ్ళు చాయ్ తాగుకుంట చూసేటోళ్ళు. పిల్లలు చప్పట్లు కొట్టి లెక్క పెట్టేటోళ్ళు. తన ఇంట్లకు తానే దొంగలెక్క దూరే మనిషిని నేను ఎక్కడ చూడలే.

నేను ఊరికి పోయిన ఒక మాపటీలి దీపాలు పెట్టే యాల్లకు, అరుగు మీద పెద్దమ్మతోని ముచ్చట పెడ్తున్న. ఎనుక వాకిట్ల ధడేల్ మన్నది. బర్రె బావిల పడ్డట్టు సప్పుడు. నేను, చింటు ఉరికినం. గోడ కింద గంజి గోళం ఉండె, మరునాటి నూలు కోసం కాచి సల్లార పెట్టిన గంజి. మా తమ్ముడు గోడ మీద నుంచి సక్కగ దాంట్ల దిగిండు. నడుము దాక గంజి, మీసాల మీద గంజి, కనుబొమ్మల మీద గంజి. కాళ్ళు బయటికి తీసెటాళ్ళకు గంజి ఆరవట్టింది. రెండు చేతులు పక్కకు చాపి, మోకాళ్ళు వంగక, కొత్త ధోతి నడిచినట్టు బర్రబర్ర నడుచుకుంట ముందటి వాకిట్లకు వచ్చిండు. చాపిన చేతులతోని ఎనుక తలుపుల పట్టడు, ఇంగ వేరే తొవ్వ లేదు. వంగుడు కూడ చాతగాక తల్లి ముంగట నిటారుగ నిలవడ్డడు.

పెద్దమ్మ కూసున్న కాడనే ముక్కు లేపింది.

"గంజి" అన్నది. జర ఆగింది. మల్ల లేపింది. "ఉత్త గంజే. మందు లేదు. ఇయ్యాల తాగలేదా బిడ్డా?"

మా తమ్ముడు మీసాల మీది గంజి నాలుకతోని నాకిండు.

"నిన్న?"

తలకాయ అడ్డంగ ఆడిచ్చిండు. మెడ కాడ గంజి పెటపెట పగిలింది.

"మరి తాగనోనివి గోడ ఎందుకు దునుకుతున్నవ్ రా?"

"నోరు తెరుస్తే నువ్వు గెలుస్తవ్ గదా అమ్మా" అన్నడు.

నాకు ముందుగాల నవ్వు ఆగలే. నా ఎనుక చింటు నవ్విండు, వాంతికొచ్చే దోస్తు ఎప్పుడొచ్చిండో ఏమో బండి మీదనే కూసొని నవ్విండు. గంజిల ఉన్న మనిషి కూడ నవ్వవట్టిండు, నవ్వినప్పుడల్ల మొఖం మీద పెచ్చులు ఊడవట్టినయ్. పెద్దమ్మ మాత్రం నవ్వలే. "తెరువు" అన్నది, మెల్లగ. వాడు తెరిచిండు. కొడుకు చూస్తుండంగనే తెరిచిండు. "హా" అన్నడు.

పెద్దమ్మ శానాసేపు ముక్కు అట్లనే పెట్టింది. వాసన చూసినట్టు లేదు, ఇంగేందో చూసినట్టు ఉన్నది. ఆనంక చెయ్యి చాపి "ఏది, నా బంగారం" అన్నది.

చింటు లోపలికి ఉరికి, దేవుని పటం ఎనుక నుంచి ఎండిపోయిన జమ్మాకు తెచ్చి తండ్రి చేతిల పెట్టిండు. తండ్రి ఆడ దాచింది కొడుక్కు తెలుసు. మా తమ్ముడు వంగి ఇయ్యవోతే గంజి వంగనియ్యలే. పెద్దమ్మనే లేచి, కాలి ఏళ్ళ మీద నిలవడి తీసుకున్నది. చింటు చెంబు తెచ్చి తండ్రి నెత్తి మీద నీళ్ళు పోసిండు. ఆ ఇంట్ల వాడు తండ్రికి నీళ్ళు మాత్రమే పోసుడు నేను అదే మొదలు చూసుడు.

అట్లని తెల్లారేటాళ్ళకు అందరు మహాత్ములైన్రని చెప్తే మీరు నన్ను నమ్మద్దు. మా తమ్ముడు పెండ్లిళ్ళల్ల రెండు మూడు సార్లు జారిండు. జారిన నాడు హా అని, తానే చెప్పి, అరుగు మీదనే పండుకున్నడు. చింటుగాడు కూడ ఒకసారి ఎవని బర్త్‌డేకో పోయి వచ్చి, గడప కాడ ఆకు నమలకుంట "అవ్వా, సగం గిలాస" అన్నడు. పెద్దమ్మ వాసన చూసి "సగం కాదు, ముప్పావు. కానీ చెప్పినవ్, పో, అన్నం తిను" అన్నది. ఎనుక ఎనుక వాడు బర్త్‌డేలకు పోతే బండి పిలగానితోని కూసొని కేకు తిని వచ్చేటోడు. కేకు ఏ బేకరీదో కూడ పెద్దమ్మ చెప్పేది.

ఆమె పోయింది. అరుగు మీదనే నిద్రల పోయింది, ముక్కు ఇంటి దిక్కే తిరిగి ఉండె.

మూడొద్దుల నాడు పిట్టకు పెట్టాలె. పోయినోళ్ళకు ఇష్టమైనయ్ అన్ని వండి విస్తరిల పెడ్తే, కాకి వచ్చి ముట్టాలె. ముట్టితే పోయినోళ్ళకు ఏ కొరత లేనట్టు. మేము మా చెల్క పొలం కాడ విస్తరేసినం. చాపల పులుసు పెట్టినం, గారెలు పెట్టినం, చాయ్‌ల నానవెట్టిన బన్ను పెట్టినం, చింటుగాడు నూలు కండె ఒకటి తెచ్చి పెట్టిండు. అందరం ఎనుకకు జరిగి నిలవడ్డం. వేపచెట్టు మీద కాకులు బారాతు లెక్క కూసున్నయ్. ఒక్కటి దిగలే.

ఇంగ మొక్కులు మొదలైనయ్. "నీ మనవన్ని మంచిగ చదివిస్తం, దిగు తల్లీ." దిగలే. "నీ రాట్నం అమ్మం, దిగు." దిగలే. "నీ ముక్కుపుల్ల నేను అడగ, ఒట్టు" అని ఒకామె ఏడ్సింది. కాకి ఆమె దిక్కు కూడ చూడలే. ఎండకు మా నెత్తులు ఉడుకుతున్నయ్, చాపల పులుసు రెండోసారి ఉడుకుతున్నది.

అప్పుడు చింటుగాడు విస్తరి దిక్కు సక్కగ చూసిండు. చాపల పక్కన, ఆకు అంచుకు, ఒక క్వార్టర్ సీసా నిలవెట్టి ఉన్నది.

"ఇదెవలు పెట్టిన్రు?"

మేనమామ గొంతు సవరించుకున్నడు. "నేనే రా. పిట్టకు పెట్టేకాడ పెడ్తం గదా, మన పద్ధతి. మా నాయినకు పెట్టినం, మా కాకకు పెట్టినం. అలవాటున పెట్టిన."

మా పెద్దమ్మకు, బతికినన్నాళ్ళు ఆ వాసనతోని కొట్లాడిన మనిషికి, పోయినంక మందు పెట్టిన్రు. మా అందరిల ఒక్కడు కూడ చూడలే. అందరం చూసే ఉంటం, ఆ సీసా ఆడ ఉండుడు మా కండ్లకు ఉప్పు లెక్కనే అలవాటు.

చింటుగాడు పోయి సీసా తీసి మేనమామ చేతిల పెట్టిండు. "నువ్వే పట్టుకో మామా" అన్నడు. ఎనుకకు రాలే. విస్తరి ముంగట మోకాళ్ళ మీద కూసున్నడు, వంగిండు, నోరు తెరిచిండు. "హా" అన్నడు. వాని ఎనుక వాని తండ్రి పోయి, కొడుకు పక్కనే వంగి, పెద్దగ తెరిచి, "హా" అన్నడు. వాని ఎనుక నేను. నా ఎనుక ఆడోళ్ళు, పిల్లలు, మా వియ్యంకుడు ఖద్దరు అంగీ మడత పాడుగాకుంట. పొద్దుగాలనే ఒకటేసుకొని వచ్చినోళ్ళు కొందరున్నరు, వాళ్ళందరికి అప్పుడే ఫోన్లు వచ్చినయ్. చెల్క అవతలి గట్టు దాక పోయి "హలో హలో" అనవట్టిన్రు.

కాకి దిగింది. ఒక్కటే, పెద్ద ముక్కుది. గారె దిక్కు పోలే, చాపల దిక్కు పోలే. మెడ పక్కకు వంచి, సీసా పట్టుకొని నిలవడ్డ మేనమామ దిక్కు శానాసేపు చూసింది. ఆనంక సక్కగ పోయి బన్ను ముట్టింది.

స్నానాలు చేసి ఇంటికి వచ్చే తొవ్వల మేనమామ నా పక్కన నడుచుకుంట, మెల్లగ అడిగిండు. "బావా, ఆ కాకి నా దిక్కే ఎందుకు చూసిందంటవ్?"

"హా అను, చెప్త" అన్న.

ఆయన నోరు గట్టిగ మూసుకున్నడు. ఇంటికాడ భోజనాలైనయ్, అందరు చెయ్యి కడుక్కున్నరు, ఆయన తినలే. బస్సు ఎక్కి, కిటికీల నుంచి మాకు దండం పెట్టి, ఆ బస్సు మూల తిరిగేదాక నోరు తెరవలే.